తాళాలగుత్తికి దక్కిన పేరు

సిద్దిపేట జిల్లా ఎర్రవల్లిలోనైనా గజ్వేల్ అంగట్లోనైనా మనిషి చక్కరొచ్చి పడితే నలుగురూ చేసేది ఒకటే. రెక్కపట్టి కూర్చోబెడతారు, గొంతులో నీళ్లు పోస్తారు, ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే పిడికిట్లో తాళాలగుత్తి ఇరికిస్తారు. ఇంత చేస్తేనే కదా ఎందరో లేచారు అంటారు. లేస్తారు, నిజమే. ఎండలో గంటలకొద్దీ నిలబడితేనో, రక్తం చూసి జడుసుకుంటేనో బీపీ పడిపోయి మెదడుకు రక్తం తగ్గుతుంది. నేలమీద పడగానే ఆ రక్తం మళ్లీ తలకు అందుతుంది, కాసేపట్లోనే తెలివొస్తుంది. పడిపోవడమే అతనికి వైద్యం, లేపి కూర్చోబెట్టడం దాన్ని చెడగొట్టడం. ఫిట్స్ కూడా చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు మాత్రం ఇనుముకు దక్కుతుంది. స్పృహ లేనివాడి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పి, తలకు దెబ్బ తగలకుండా చూసి, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

అసలు నష్టం గుండె ఆగినవాడికీ ఈ ఉల్లిగడ్డ వైద్యమే చేయడంలో ఉంది. అప్పుడూ ఒళ్లు కాసేపు అదరవచ్చు, నోరు తెరిచి గురకలా ఎగశ్వాస తీయవచ్చు. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు, ఊపిరుందిలే అనుకుంటారు. భుజం తట్టి పిలిచినా పలక్క, ఊపిరి మామూలుగా ఆడకపోతే, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మరొకరు ఛాతీ మధ్య రెండంగుళాల లోతున నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆలస్యమైన ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం పదో వంతు దాకా తరుగుతుంది. బండిలో వేసుకుని ఎంత వేగంగా తోలినా ఎర్రవల్లి నుంచి గజ్వేల్ ఆసుపత్రికి నాలుగైదు నిమిషాల్లో చేరలేం, మెదడు దెబ్బతినడం మొదలయ్యేది ఆలోపే.

డాక్టరు కానివాడు నొక్కితే పక్కటెముకలు విరగవా అంటారు. విరగొచ్చు, అవి అతుక్కుంటాయి. గుండె ఆడుతున్నవాణ్ని పొరపాటున నొక్కినా పెద్ద హాని జరగడం అరుదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో పడిపోయిన మనిషి ఛాతీ నొక్కి ఊపిరాడేలా చేసింది ట్రాఫిక్ కానిస్టేబుల్. మరుసటి నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం ఇలా ఛాతీ నొక్కే సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది, అప్పటి ఆరోగ్యమంత్రి హరీశ్‌రావు సిద్దిపేట ఎమ్మెల్యేనే. ఆ శిక్షణ పోలీసులకూ సర్కారు సిబ్బందికీ అందితే చాలదు. 2015 డిసెంబరులో అయుత చండీయాగానికి లక్షల జనం వచ్చిన ఈ ఎర్రవల్లిలో, అది ఉపాధి పని మేట్‌కూ మహిళా సంఘాలకూ చేరాలి, బొమ్మమీద రెండు చేతులూ పెట్టించి నేర్పాలి.