ఎవరి పాత రోజులు?

పెంకుటిల్లో ఎడ్లబండో ఉన్న ఫొటో వాట్సాప్‌లో వచ్చిందంటే కింద ఒక మాట ఖాయం: ‘పాత రోజులే బాగుండె, ఊరంతా ఒక్క కుటుంబం లెక్క ఉండేది.’ ఆ జ్ఞాపకాలే మన ఉనికి, అవే రేపటికి దారి అని పెద్దలు దానికి వంత పాడతారు. ఈ మాట దేవరుప్పుల మండలంలో నిలబడి అనమనండి చూద్దాం.

ఆ కుటుంబంలో ఎవరి పని ఏమిటో ముందు చెప్పాలి. కుమ్మరి దొర గడీకి కుండలివ్వాలి. మాదిగ చెప్పులు కుట్టాలి. చాకలి బట్టలుతకాలి, చెప్పిన చాకిరీ చెయ్యాలి. గొల్లకురుమలు మందలోంచి గొర్రెను తోలియ్యాలి. అన్నీ ఊరికే. దాని పేరు వెట్టి. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆయన తల్లి జానకమ్మ ఈ మండలంలోని కడవెండి గడీలో ఉండేది. 1946 జులై 4న, దొరలకు ఎదురు నిలిచిన సంఘం ఊరేగింపు మీద ఆ గడీ వైపు నుంచే తుపాకులు పేలాయి. కురుమ బిడ్డ దొడ్డి కొమురయ్య చనిపోయాడు, అన్న మల్లయ్య గాయపడ్డాడు. అంతకు ముందే ఇదే మండలంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ తన భూమి కోసం కోర్టుకెక్కి గెలిచాడు. గెలిచినందుకు దొర మనుషులు చంపారు. ‘ఊరంతా ఒక్కటే’ అని బందగీ సమాధి దగ్గర ఎవరంటారు?

కలిసి ఆడిన బతుకమ్మ అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుల గురించి బెంగపడే హక్కు అందరికీ ఒకేలా లేదు. గడీ అరుగు మీద కూర్చున్నవాడికీ ఆ అరుగు ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డవాడికీ జ్ఞాపకం ఒకటెట్లా అవుతుంది?

ఇంకో మురిపెం కూడా ఉంది, అది మనవాళ్లదే. దొరల మీద సాగిన ఆ తెలంగాణ సాయుధ పోరాటాన్ని పూలదండల్లో ముంచెత్తడం. పక్కనే ఉన్న పాలకుర్తి ఐలమ్మ విగ్రహాలకు కొదవ లేదు, 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికీ ఆమె పేరే పెట్టారు. మంచిదే. కానీ ఐలమ్మ పోరాడింది కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట కోసం. ఆమె కౌలుదారు. 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం వచ్చినప్పుడు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, దున్నే కౌలుదారుకు రూపాయి రాలేదు. కౌలుదార్లకు రుణ అర్హత కార్డులివ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేశారు. కానీ కార్డు కోసం తిరిగిన కౌలుదారుకు ఆఫీసులో మొదట ఎదురైన ప్రశ్న ‘పట్టాదారు ఒప్పుకున్నాడా?’ అనే. ఒప్పుకుంటే భూమి చేజారుతుందేమోనని పట్టాదారుకు భయం.

జులై 4న కడవెండిలో జెండా ఎగరేసే నాయకులను నేను అడిగేది ఒక్కటే. మీ పొలం కౌలుకిచ్చారు కదా, కౌలుదారు కార్డుకు ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టారా?