ఈ వేరు వేరు, ఆ వేరు వేరు!

తెరమీద హీరోగారి కండలు చూసొచ్చి, మా కపిలేశ్వరపురం కుర్రాళ్ళు కొందరు ‘ఇండియన్ జిన్‌సెంగ్’ డబ్బాలు కొంటున్నారు. తమ్ముళ్ళూ, ముందు టైటిల్స్ చదవండి! అది జిన్‌సెంగ్ కాదు. మన అనంతపురం, కర్నూలు మెట్టపొలాల్లో పండే అశ్వగంధ, అంటే పెన్నేరు. వంకాయకి చుట్టం!

అసలు జిన్‌సెంగ్ కొరియా, చైనాలది. నాటిన 4–6 ఏళ్ళకిగానీ వేరు తవ్వరు. అందులోని సరుకు జిన్‌సెనోసైడ్లు. ఇవి సపోనిన్లు, కుంకుడుకాయ నురుగూ సపోనిన్ల చలవే. పెన్నేరులో ఉండేవి విథనోలైడ్లు. రెండూ స్టెరాయిడ్‌ని కొంత పోలి ఉంటాయి. పోలికే సుమండీ, కండలు పెంచే ఇంజెక్షను కాదు!

మరి పని చేస్తాయా? పెన్నేరు ఆందోళన కాస్త తగ్గించి నిద్ర పట్టిస్తుందని చిన్న చిన్న పరిశోధనలు చెప్పాయి. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. 2023లో డెన్మార్కు దాన్ని నిషేధించింది. జిన్‌సెంగేమో, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్‌ఫరిన్ బలాన్ని తగ్గించవచ్చు.

అంచేత, గుండెకి ఆ మాత్ర వేసుకునే నాన్నగారికి ప్రేమకొద్దీ ఓ డబ్బా కొనిచ్చేరు! ముందు డాక్టర్ని అడగండి. మీరు వాడుతుండగా కళ్ళు పచ్చబడితే, ఆ క్షణమే మానేసి ఆస్పత్రికి పరుగెత్తండి. ఇంటర్వెల్ దాకా ఆగొద్దు!