మీట మన చేతిలో నుండవలెను

మేడమీది తొట్టి నిండి, నీరు పొరలి వీధిలో కాలువగా పాఱుట మన పట్టణములలో తఱచుగా కనబడు దృశ్యము. మోటారు వేసినవారు పనిలో పడి మఱచిపోవుదురు. పొరుగువారు కేకవేసినగాని గుర్తునకు రాదు. ఈ మఱపునకు నేడు మందు కలదు. నీటిమట్టమును కనిపెట్టు చిన్న పరికరమును తొట్టిలో అమర్చినచో, నీరు తగ్గినప్పుడు మోటారు తనంతట తిరుగును. తొట్టి నిండగానే ఆగును. క్రింది తొట్టిలో నీరు లేనప్పుడు మోటారు వట్టిగా తిరిగి కాలిపోకుండ కాపాడు ఏర్పాటును కూడ దానికి చేర్చవచ్చును. ఇంటిపనులను ఇట్లు యంత్రములకు అప్పగించుటనే గృహ స్వయంచాలనమందురు.

ఇది సోమరుల కోరిక యని కొందఱు పెద్దలు ఈసడింతురు. ఆ మాటను నేనంగీకరింపను. అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రములో వారెన్ జాన్సన్ అను అధ్యాపకుడుండెను. ఆ శీతల ప్రదేశమున తరగతిగదులను వెచ్చగా నుంచవలెను. బంట్రోతు మాటిమాటికి గదిలోనికి వచ్చి వేడిమిని చూచి, నేలమాళిగకు పోయి సరిచేయుచుండెను. దానివలన పాఠము కుంటుపడుచుండెను. జాన్సన్ గదిలోని వేడిమి హెచ్చుతగ్గులను విద్యుత్తుద్వారా క్రిందివానికి తెలుపు సాధనమును కల్పించి, 1883లో దానిపై పేటెంటు పొందెను. నిజమైన అవసరమునుండి పుట్టిన యంత్రము ఆదరణీయమే.

కాని తగిన ఆలోచన లేక పెట్టిన యంత్రమేమి చేయునో నా యింటనే చూచితిని. విదేశమున నున్న మా కుమారుడు సెలవులకు వచ్చి, నోటిమాటతోను సెల్‌ఫోనుతోను వెలుగు దీపములను అమర్పించెను. గోడమీది మీటను ఆపినచో దీపమునకు విద్యుత్తు అందదనియు, అప్పుడది మన మాట వినదనియు చెప్పి, పాత మీటలను తీయించివేసెను. ఎక్కడో దూరమున నున్న కంప్యూటరు ఆజ్ఞ అంతర్జాలముద్వారా అందినగాని ఆ దీపములు వెలుగవు. ఒకనాటి రాత్రి గాలివానకు అంతర్జాలము తెగెను. విద్యుత్తు ఉన్నది, దీపమున్నది. వెలిగించు దారి మాత్రము లేదు. ఎనుబదియారేండ్ల మా తల్లి అలవాటుచొప్పున గోడను తడవి, మీట దొరకక, గడప తట్టుకొని పడెను. మణికట్టు విఱిగినది. “నా యింట దీపము వెలిగించుకొనుటకు నాకు అధికారము లేదా, నాయనా?” అని ఆమె యడుగగా నేను తలవంచుకొంటిని.

నేను యంత్రములను పాఱవేయలేదు, వానిని సంస్కరించితిని. మీటలను మరల పెట్టించి, వాని వెనుక చిన్న రిలేలను అమర్పించితిని. ఇప్పుడు మీట నొక్కినను, ఫోనుతో చెప్పినను దీపము వెలుగును. మనిషి కదలికను గ్రహించి తనంతట వెలుగు దీపమునొకదానిని నడవలో పెట్టించితిని. దానికి అంతర్జాలముతో పనిలేదు. మా తల్లి రాత్రివేళ నిర్భయముగా లేచి తిరుగుచున్నది.

మఱియొక జాగ్రత్త కలదు. పరికరముతో వచ్చిన పాస్‌వర్డును మార్చకుండ వాడుట, తాళపుచెవిని తలుపునకే వ్రేలాడదీయుట వంటిది. 2016లో దుండగులు ‘మిరాయ్’ అను ప్రోగ్రాముతో, అట్లు మార్చని పాస్‌వర్డులు గల కెమేరాలను, ఇతర పరికరములను లక్షలకొలది వశపఱచుకొనిరి. వానితో జరిపిన దాడివలన ఆ సంవత్సరము అక్టోబరులో ప్రసిద్ధమైన వెబ్‌సైట్లు పెక్కు కొన్ని గంటలు అందకుండపోయెను. మన యింటి అజాగ్రత్త పరులకు కూడ చేటు తెచ్చును.

విద్యార్థులారా! రేపు మీ యిండ్లలో ఇట్టి పరికరములను అమర్చువారు మీరే. పరికరము ధరను అడుగుటకు ముందు, అది ఎవరి కష్టమును తగ్గించునో అడుగుడు. అది పనిచేయనినాడు చేతితో పని జరుగునా యని పరీక్షింపుడు. ఇంటిలో మిక్కిలి వృద్ధులైనవారిచేత ఒకసారి వాడించి చూడుడు. వారికి లొంగిన యంత్రమే ఇంట నుండదగిన యంత్రము.