ఆదాయ రుజువే కుల రుజువైన చోట

గత వేసవిలో నా పర్యవేక్షణలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి హైదరాబాద్‌లో రెండు పడకగదుల అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. అతనికి పెళ్లయింది. వైద్యం కోసం తల్లి కూడా ఊరి నుంచి వచ్చి ఉండవలసిన పరిస్థితి. అతనికి వచ్చేది షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల జాతీయ ఫెలోషిప్. తొలి దశలో నెలకు 37,000 రూపాయలు. తార్నాక, హబ్సిగూడ, రామంతాపూర్ వీధుల్లో అతను చూసిన ఇళ్లలో మెయింటెనెన్స్‌తో కలిపి 18,000కు తక్కువ ఒక్కటీ లేదు. అంటే ఫెలోషిప్‌లో దాదాపు సగం. కష్టమే అయినా భరించడానికి సిద్ధపడ్డాడు.

ఫోనులో అందరూ 'వచ్చి చూసుకోండి' అన్నవారే. ఇల్లు చూడటం, నీళ్ల సంగతి, బండి పెట్టుకునే చోటు మాట్లాడుకోవడం అయ్యాక సంభాషణ మలుపు తిరిగేది. కొందరు ఇంటిపేరు అడిగారు. కొందరు ఏ ఊరని అడిగి, ఊళ్లో ఎటువైపు అని ఆరా తీశారు. ఒక పెద్దాయన మాత్రం దాపరికం లేకుండా 'మీరేమిట్లు బాబూ?' అన్నారు. ఈ ప్రశ్నలు దాటిన చోట మరో చిక్కు ఎదురైంది. జీతం కాగితం చూపించమన్నారు. అతని దగ్గర ఉన్నది ఫెలోషిప్ మంజూరు పత్రం. ఆ పథకం పేరులోనే కులం ఉంది. అద్దె కట్టగలనని రుజువు చేసుకునే కాగితమే అతను ఎవరో చెప్పేసింది. సాయంత్రానికి ఫోను వచ్చేది: 'మా మేనల్లుడు వస్తానంటున్నాడు, ఏమీ అనుకోకండి'. మూడు వారాల తరువాత కూడా ఆ గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది.

నగరంలో అద్దెలు ఎందుకు పెరుగుతున్నాయన్న చర్చ మనకు కొత్త కాదు. ఐటీ కారిడార్, భూముల ధరలు, పెట్టుబడి కోసం కొని తాళం వేసిన ఫ్లాట్లు అన్నీ నిజమైన కారణాలే. కానీ ఈ చర్చలో 'అందుబాటు ధర' అన్న మాటను కులంతో సంబంధం లేని అంకెగా వాడుతున్నాం. ఒకే ఆదాయం ఉన్న ఇద్దరికి మార్కెట్‌లో ఒకే సంఖ్యలో ఇళ్లు దొరకవు. పది ఇళ్లలో ఏడింటి తలుపులు మూసుకున్నవాడు మిగిలిన మూడింటి యజమానులు అడిగినంత ఇచ్చుకోవాలి. లేదా దూరం పోవాలి. బస్సు చార్జీలు, పోయిన పనిదినాలు, ఎక్కువ అడ్వాన్సు అన్నీ అతని అద్దెలో భాగమే. ఈ అదనపు చెల్లింపు ఏ గణాంకాల్లోనూ నమోదు కాదు.

ఇది నా ఒక్క విద్యార్థి అనుభవం కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని పరిసర నగరాల్లో అగ్రకుల, దళిత, ముస్లిం అభ్యర్థులుగా అద్దె ఇళ్ల కోసం సంప్రదించి చూశారు. ఆ ఫలితాలు 2015లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడ్డాయి. అగ్రకులాల వారికి తిరస్కరణ దాదాపు లేదు. దళితులకు తిరస్కరణలు, ఎక్కువ అద్దెలు, అదనపు షరతులు ఎదురయ్యాయి. ముస్లింల పరిస్థితి మరింత దుర్భరం. 2012లో అదే పత్రికలో త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ హైదరాబాద్‌తో సహా ఏడు మహానగరాల జనగణన వివరాలను పరిశీలించారు. ఈ నగరాల్లో ఆర్థిక స్థాయి కంటే కులమే మనుషుల నివాసాలను ఎక్కువగా వేరు చేస్తోందని వారు తేల్చారు. నగరంలో కులం కరిగిపోతుందన్న నమ్మకానికి ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

1917లో విదేశాల్లో చదువుకుని బరోడా సంస్థాన కొలువులో చేరడానికి వెళ్లిన అంబేడ్కర్‌కు ఆ నగరంలో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలతో వచ్చిన గుంపు ఆయనను వెళ్లగొట్టింది. నేడు కర్రలు లేవు. కానీ పేరు దాచుకోవలసిన అవసరం అలాగే ఉంది.

ఆ పని నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇల్లు చూడటానికి వెళ్తే, 'మాది నల్లగొండ జిల్లా, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాను' అని మాత్రమే చెప్పాను. యజమాని నన్ను మరో కులం వాడిగా ఊహించుకున్నాడు. నేను సరిదిద్దలేదు. ఆ ఇంట్లో ఉన్న మూడేళ్లూ అంబేడ్కర్ పటం ట్రంకు పెట్టెలోనే ఉంది. ఆదివారం కూర వండితే కిటికీలు మూసేవాళ్లం. మా నాన్న వచ్చినప్పుడల్లా ఆయన యజమానితో ఏం మాట్లాడతారోనని భయపడేవాణ్ణి. కన్నతండ్రి మాటకు భయపడిన ఆ రోజులను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తరగతి గదిలో ఆత్మగౌరవం గురించి చెప్పి, సాయంత్రం ఆ ఇంటికే చేరేవాణ్ణి.

'ఇల్లు మాది, ఎవరికివ్వాలో మా ఇష్టం' అనే వాదన తరచూ వినిపిస్తుంది. ఇంటికి ఎవరిని అతిథిగా పిలుచుకోవాలన్నది నిజంగా సొంత విషయమే. కానీ గేటుకు బోర్డు కట్టి, అద్దె ప్రకటించి, డబ్బు తీసుకోవడం వ్యాపారం. 'శాకాహారులకు మాత్రమే' అన్న షరతునూ ఈ దృష్టితోనే చూడాలి. నూటికి తొంభై మందికి పైగా మాంసాహారులున్న తెలంగాణలో ఆ మాట వంటింటి గురించి కాదు, కులం గురించేనని రాసినవారికీ చదివినవారికీ తెలుసు.

రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో కుల వివక్షను వ్యక్తులకు సైతం నిషేధిస్తుంది. దుకాణమంటే సేవలు అందించే ఎవరైనా అనే విస్తృతార్థం ఉందని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో వివరించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ విస్తృతార్థాన్ని స్వీకరించింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ నివాస గృహాలను కూడా ప్రస్తావించింది. బాధితులు షెడ్యూల్డ్ కులాల వారైతే ఆ నేరం అంటరానితనం వల్లే జరిగిందని న్యాయస్థానం భావించాలని, కాదని నిరూపించుకునే భారం నిందితునిదేనని 12వ సెక్షన్ చెబుతుంది. అయినా ఇల్లు నిరాకరించారని పోలీసు స్టేషన్ మెట్లెక్కేవారు అరుదు. ఒకటో తారీఖులోగా సామాను ఎక్కడ దించాలో తెలియని మనిషి ఏళ్ల తరబడి నడిచే క్రిమినల్ కేసు పెట్టలేడు.

అందువల్ల కావలసింది త్వరగా తేలే సివిల్ పరిష్కారం. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, అద్దె ప్రాధికార సంస్థలను ప్రతిపాదించింది. కుల వివక్ష విషయంలో మాత్రం మౌనం వహించింది. రాష్ట్రాలు తమ చట్టాలను తెచ్చుకునేటప్పుడు ఆ ఖాళీని పూరించాలి. వివక్షతో కూడిన ప్రకటనలను నిషేధించాలి. ఫిర్యాదును వారాల్లో తేల్చి పరిహారం ఇప్పించే అధికారం ఆ సంస్థలకు ఉండాలి. అమెరికా 1968లో చేసిన గృహ వివక్ష చట్టం యజమాని నివసించే చిన్న ఇళ్లకు కొంత మినహాయింపు ఇచ్చింది, కానీ ప్రకటనలో వివక్షను వారికి కూడా అనుమతించలేదు. వివక్షను పట్టుకోవడానికి అద్దెదారులుగా వెళ్లే పరీక్షకులకూ దావా వేసే హక్కు ఉండవచ్చని 1982లో అక్కడి సుప్రీంకోర్టు అంగీకరించింది. థోరట్ బృందం పరిశోధన కోసం చేసిన పనిని మన అధికారులు చట్టం అమలు కోసం చేయవచ్చు.

విశ్వవిద్యాలయాలు దీనికోసం ఏ చట్టమూ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పథకం పేరు లేకుండా నెలకు ఎంత వస్తుందో మాత్రమే తెలిపే ధ్రువపత్రం ఇవ్వడానికి ఒక సర్క్యులర్ చాలు. పెళ్లయిన పరిశోధకులకు క్వార్టర్లు కట్టడం రెండో పని.

నా విద్యార్థికి చివరకు ఘట్‌కేసర్ వైపు ఇల్లు దొరికింది. తల్లి ఆసుపత్రికి రెండు బస్సులు మారి వస్తోంది. ఆ ఇంటి యజమాని ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి. ఆయన ఏ కాగితమూ అడగలేదు, 'మనవాడివే కదా' అన్నారట. ఆ మాటలో ఆప్యాయత ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ ఊరిలో వాడ దాటి, డాక్టరేట్ దాకా వచ్చిన యువకుడు నగరంలో మళ్లీ తనవాళ్ల వీధిలోనే ఇల్లు వెతుక్కోవలసి వస్తే, మనం కట్టుకుంటున్నది నగరమా, ఎత్తైన ఊరా? అద్దె చట్టంపై చర్చ ఈ ప్రశ్నతో మొదలు కావాలి.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)