ఆదుర్రులోనూ తీర్థం జరగాలి

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలెక్కి వస్తారు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువలో దిగేటప్పుడు గట్ల మీద జనం ఊపిరి బిగబడతారు. మోసేవాళ్లు నీళ్లలో మునుగుతున్నా ప్రభను ఒరగనివ్వరు. చేలోంచి ప్రభ పోతే పైరు పాడైందని రైతు ఏడవడు, రుద్రుడు నడిచి వెళ్లాడని మురిసిపోతాడు.

సంక్రాంతికి అటూ ఇటూగానే లడఖ్‌లోని స్పితుక్ బౌద్ధ మఠంలో గుస్తోర్ పండుగ జరుగుతుంది. గడ్డకట్టే చలిలో మఠం ముంగిట భిక్షువులే నర్తకులు. మనిషి పొడవుకు మించిన బూరలు మోగుతుంటే మహాకాళుడి ముఖం పెట్టుకున్న భిక్షువు ఒంటికాలిపై మెల్లగా తిరుగుతాడు. పుర్రెల కిరీటం, గుడ్లురిమే కళ్లు. అది చూసేవాళ్లను భయపెట్టడానికి కాదు, చెడును తరమడానికి. చివర్లో పిండితో చేసిన చెడు బొమ్మను నాశనం చేస్తారు.

ఆ సంప్రదాయానికి మనతో చుట్టరికం ఉంది. బుద్ధుడు కాలచక్రాన్ని ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో, ఉపదేశించాడని టిబెట్ బౌద్ధుల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. కాలచక్ర క్రతువులో రంగుల ఇసుకతో మండలం తీరుస్తారు, భిక్షువులు నర్తిస్తారు. అక్కడ ముసుగులుండవు, తలపై ఐదు రేకుల కిరీటం ఉంటుంది.

మరి మన కోనసీమ మాటేమిటి? మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ నది ఒడ్డున, బౌద్ధ మహాస్తూపం ఉంది. చక్రం ఆకారంలో ఇటుకల పునాది, నాలుగు దిక్కులా ఆయక వేదికలు. ఊరివాళ్లకు అది దుబరాజు గుడి. రాజోలు దారిన పోయేవాళ్లలో ఎందరు అక్కడ ఆగుతున్నారు? పురావస్తు శాఖ రక్షణలో ఉంది, సంతోషమే. కానీ ఏటా ఒక్కరోజైనా జనం అడుగులు పడని చోటును పిల్లలు తమదిగా ఎలా అనుకుంటారు?

కనుమ వెళ్లిన వారంలో ఆదుర్రులో తీర్థం పెడదాం. ఒడిశాలో గజపతి జిల్లా జిరంగాలో పద్మసంభవ మహావిహారం ఉంది, 2010లో దలైలామాయే ప్రారంభించారు. మన శ్రీకాకుళం సరిహద్దుకు ఎంతో దూరం లేదు. అక్కడి భిక్షువుల్ని నర్తించడానికి పిలుద్దాం. పక్కనే మన గరగలు, డప్పులు, వీరనాట్యం ఉండాలి. స్తూపం దగ్గర ఏం చేయాలన్నా అనుమతి కావాలి కనుక ఆట బయటే ఆడించాలి. జగ్గన్నతోటలో మాత్రం గుడి ఎక్కడుంది? కొబ్బరి చెట్ల కిందే కదా అంత తీర్థమూ జరుగుతున్నది! ముందు ఆదుర్రు పెద్దలు కూర్చుని ఒక తేదీ అనుకోవాలి.