గృహోపకరణ పరీక్ష: గ్రామఫోను

పాతరికార్డులకు మరల గిరాకి వచ్చినది. అంగళ్లలో మధ్యమ వెలగల యంత్రములు పలువిధములుగ నున్నవి. వానిలో దేని నాదము మేలో యిల్లాండ్రు తమ చెవులతోనే తేల్చుకొనవచ్చును. ఇందుకు యంత్రశాస్త్ర మక్కఱలేదు.

ఇటీవల మా బల్కంపేటలో పొరుగింటి యిల్లా లొకరు, అత్తగారు దాచుకొన్న రికార్డులను ఆమెకు మరల వినిపింపగోరి, అమీరుపేటలోని యొక దుకాణమునకు మమ్ము తోడు రమ్మనిరి. వర్తకుడు ఒక యంత్రమును మెల్లగను, వేఱొకదానిని బిగ్గఱగను మ్రోగించి, "చూచితిరా అమ్మా, రెండవదే మేలు" అనెను. ఆమె సంచి విప్పబోవుచుండగా, రెంటిని సమానముగ మ్రోగింపుమని మేము కోరితిమి. ధ్వని కొంచెము హెచ్చినను చెవికి అదియే యింపుగ దోచును గదా! సమానము చేయగా ఆ భేదము చాలవఱకు కరగిపోయినది.

పరీక్షకు మీకు కంఠస్థమైన రికార్డునే తీసికొనిపొండు. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన వేంకటేశ్వర సుప్రభాతము మిక్కిలి తగినది. అందు రాధా విశ్వనాథన్ గారి గొంతు తోడుగ నున్నది. మంచి యంత్రమున రెండు గొంతులును విడివిడిగ దెలియును. మంచిది కానిచో రెండును కలిసి యొక ముద్దయగును. తంబురా శ్రుతి యూగుచున్నట్లు తోచినచో తిరుగుడు నిలుకడగ లేదన్నమాట.

వేగమును గూడ లెక్కించుడు. పెద్దరికార్డు నిముసమునకు 33⅓ చుట్లు తిరుగవలెను. అంచున కాగితపుముక్క నొకటి యుంచి, 3 నిముసములలో సరిగ 100 చుట్లగునేమో చూడుడు. నూటికి ఆఱువంతులు హెచ్చినచో షడ్జము శుద్ధరిషభమునకు బోవును! రికార్డు చివరిపాటను తప్పక వినుడు. అచ్చట గాడి ముల్లుక్రింద మందముగ సాగును గావున, స, శ అక్షరములు బుసకొట్టు దోష మచ్చటనే బయటపడును.

వీనియన్నిటికంటె ముల్లు భారము ముఖ్యము. మంచి యంత్రములందు అది సుమారు 2 గ్రాములుండును. చేతివెనుక బరువును త్రిప్పి సరిచేసికొనవచ్చును. పెట్టెవంటి చౌక యంత్రములలో ఆ సదుపాయము సాధారణముగ నుండదు, భారమును హెచ్చు. అట్టి ముల్లు పాడించిన కొలదిని గాడిని అఱుగదీయును. యంత్రము చెడిన మఱియొకటి దొరకును. అత్తగారు పుట్టినింటినుండి తెచ్చుకొన్న రికార్డు అఱిగిన, అందలి పాట తిరిగిరాదు. లక్కతో చేసిన 78 చుట్ల రికార్డులకు వెడల్పైన ముల్లు వేఱుగ గావలెను. పెక్కు క్రొత్తయంత్రములకు ఆ వేగమే లేదు. ఇది ముందే యడుగుడు.

స్పీకరు యంత్రములోనే యిమిడియున్నచో దాని యదురు ముల్లునకు దగులును. వేఱుగ నున్నదే మేలు. మిగిలిన సొమ్ము దానిపై వెచ్చింపుడు.

ఇంటికి తెచ్చినపిదప రాత్రి సద్దుమణిగిన వేళ మరల పరీక్షింపుడు. మా పేటలో ఎల్లమ్మతల్లి కల్యాణపుదినములలో నైనచో ఏ యంత్రమైనను నిశ్శబ్దముగనే యున్నట్లు తోచును! పాటకును పాటకును నడుమనుండు ఖాళీగాడిలో గుయ్యిమను మ్రోత యున్నదేమో వినుడు. ఉన్నయెడల తిరిగి యిచ్చుటకు గడు వెన్ని దినములో, కొనునాడే రసీదుపై వ్రాయించుకొనుడు.