ఉప్పు మళ్లలో ఎండ: చర్మానికి ముప్పు ఎంత?

అల్లూరు: వేసవి వచ్చిందంటే ఇసకపల్లి వైపు ఉప్పు మళ్లలో పని ముమ్మరం. పైనుంచి ఎండ, కిందనుంచి ఉప్పు మెరుపు. ఎండకు క్యాన్సర్ వస్తుందన్న మాట ఇటీవల పాలేలలోనూ వినబడుతున్నది. ఇందులో నిజమెంత?

నిజం లేకపోలేదు. ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు చర్మకణాలలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. శరీరం ఆ దెబ్బను చాలామట్టుకు సరిచేసుకొంటుంది. ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలలో కొన్ని మిగిలిపోతే కణం అదుపు తప్పి పెరుగుతుంది. ఎండ క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే తేల్చింది. తెల్లవారు ఎక్కువగా స్థిరపడిన ఆస్ట్రేలియాలో ఈ జబ్బు మరీ ఎక్కువ.

మన దేశంలో మాత్రం ఇది అరుదు. కారణం మన రంగే. చర్మాన్ని నలుపు చేసే మెలనిన్ ఈ కిరణాలను చాలావరకు అడ్డుకొంటుంది. పెళ్లిచూపుల్లో పిల్ల నలుపని వంక పెట్టేవారు ఈ సంగతి గమనించవలసి ఉన్నది!

అయితే ఈ రక్ష అందరికీ లేదు. పుట్టుకతోనే ఒళ్లు, జుట్టు తెల్లగా ఉండేవారికి మెలనిన్ దాదాపు ఉండదు. బొల్లి వేరు, ఇది వేరు. అటువంటి పిల్లలను ఎండవేళ మళ్లలోకి, వల లాగడానికి పంపితే చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ రావచ్చు.

ఇక కళ్ల సంగతి. నల్లని చర్మం ఒంటిని కాచినంతగా కంటిని కాయదు. శుక్లాలకు ఈ కిరణాలు కూడ ఒక కారణం. మైపాడు, కోడూరు ఒడ్డున "గాలి చల్లగా ఉంది గదా, ఎండ ఏం చేస్తుంది?" అనేవారున్నారు. ఈ కిరణాలకు వేడితో నిమిత్తం లేదు. పలచని మబ్బును కూడ దాటి వస్తాయి. ఇసుక వాటిని నూటికి 15 వంతుల దాకా, సముద్రపు నురుగు 25 వంతుల దాకా తిప్పికొడతాయి. కనుక తలపాగా ఒక్కటే చాలదు. అంచు వెడల్పు టోపీ, నిండు చేతుల చొక్కా, నల్ల కళ్లద్దాలు అవసరం.

పది నుంచి నాలుగు గంటల వరకు ఎండలో తిరగవద్దని డాక్టర్లు చెబుతారు. రోజుకూలీకి అది సాధ్యమా? తెల్లవారుజామున పని మొదలుపెట్టించి, మధ్యాహ్నం ఆపి, చల్లబడ్డాక సాగించే ఏర్పాటు యజమానులు చేయవచ్చును. గట్టుమీద తాటాకు పందిరికి పెద్ద ఖర్చు కాదు.

నెల దాటినా మానని పుండు, నెత్తురు కారే కురుపు, పెరుగుతున్న నల్లమచ్చ కనిపిస్తే పసరు పూస్తూ కూర్చోక నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించాలి. పాత కాలిన మచ్చపై పుండు పడినా అంతే. తొలిదశలో కోసి తీసివేస్తే చాలామందికి నయమవుతుంది.